తెలుగు వరుస

పోయిన ఏడాది అక్టోబరు మొదటి ఆదివారం, పూజ ముగిసిన తరువాత, ఫాదర్ ఒబినా నన్ను గుడి వసారాలో ఆపి, తెలుగువాళ్ళకు నాలుగు పేజీలు కేటాయించినట్టు చెప్పారు. ఒషావా నగరంలో కాథలిక్కుల జీవితం మీద మా విచారణ, అంటే మా పారిష్, ఒక పుస్తకం వేయబోతున్నది. ఐరిష్ వాళ్ళకు పన్నెండు పేజీలు, పోలిష్ వాళ్ళకు పది, ఫిలిప్పీన్స్ వాళ్ళకు ఆరు, తమిళులకు ఐదు. ఆ తరువాత మేము.

"మర్గరెట్, మీరు చరిత్ర పాఠాలు చెప్పినవారు. మీవాళ్ళ సంగతి మీరే రాయాలి. సమాధుల పండుగ నాటికి నా చేతిలో ఉండాలి" అన్నారాయన. ఒక్క క్షణం ఆగి, "ఎవరి మనసూ నొప్పించకుండా" అని చేర్చారు.

"నొప్పించని చరిత్ర ఏ లైబ్రరీలో ఉందో చెప్పండి ఫాదర్, వెళ్ళి తెచ్చుకుంటాను."

ఆయన నైజీరియావారు. పెద్దగా నవ్వారు. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

నేను గుంటూరులో ఒక మహిళా కళాశాలలో పద్నాలుగేళ్ళు చరిత్ర బోధించాను. 1991లో నా భర్త చిన్నపరెడ్డి గారితో ఈ దేశం వచ్చి, ఒక గ్రంథాలయంలో ఇరవై రెండేళ్ళు ఇతరులు చదివిన పుస్తకాలను తిరిగి అరల్లో సర్దాను. పని పట్ల నాకు రెండు నియమాలున్నాయి: మూలాన్ని చూడకుండా రాయకూడదు, చూసినదాన్ని దాచకూడదు. అందుచేత మరునాటి నుంచే గుడి కింది గదిలో ఉన్న పాత కాగితాల పెట్టెలు విప్పడం మొదలుపెట్టాను. ప్రతి ఆదివారం పంచే చిన్న ప్రకటన పత్రాలు తొంభై ఏళ్ళవి అక్కడ ఉన్నాయి. ఒక పాత పత్రంలో ఇలా ఉన్నది: 'పోలిష్ కార్మికులకు పూజ ఉదయం ఆరు గంటలకు, కింది గదిలో.' పై అంతస్తులో పాలరాతి పీఠం ముందు ఐరిష్ కుటుంబాలు కూర్చునేవి; వాటి బెంచీలకు పేర్లు చెక్కిన ఇత్తడి రేకులు ఇప్పటికీ ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళ తరువాతి పత్రాల్లో కమిటీ సభ్యుల పేర్లలో పోలిష్ పేర్లు కనిపించాయి. అప్పుడు కింది గది ఇటాలియన్లకు వచ్చింది. మరొక పాతికేళ్ళకు ఇటాలియన్లు పైకి వెళ్ళారు, ఫిలిప్పీన్స్ వాళ్ళు కిందికి వచ్చారు. పోలిష్ వాళ్ళ పది పేజీల ముసాయిదా కూడా అక్కడే ఉన్నది. తమను కింది గదికి పంపిన సంగతి అందులో రెండు పేజీలు. తాము ఇంకొకరిని పంపిన సంగతి ఒక్క పంక్తి కూడా లేదు.

నాకు అందులో ఒక సూత్రం దొరికిందనిపించి, లోలోపల సంతోషించాను. ఇతరులు చేసిన అన్యాయాన్ని చదవడంలో ఒక సుఖం ఉన్నది. ఆ సుఖం వారం రోజులు అనుభవించాను.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఏనీ మా ఇంటికి వచ్చింది. ఏనీ, ముప్ఫై ఏళ్ళుగా నేనెరిగిన శౌరమ్మ కూతురు. దగ్గరలోని ఏజాక్స్ పట్టణంలో ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది. డ్యూటీ దుస్తుల మీదే కోటు వేసుకుని వచ్చి, ఎంత చెప్పినా కోటు విప్పకుండా, సోఫా అంచున కూర్చున్నది.

"అమ్మకి ఇంక ట్రీట్‌మెంట్ ఆపేశారు ఆంటీ. డాక్టర్లు క్రిస్మస్ దాకా అంటున్నారు. నేను చూస్తున్నా కదా రోజూ అలాంటివాళ్ళని, అంత టైమ్ లేదు."

"నాకెవరూ చెప్పలేదు."

"అమ్మే వద్దంది. ఇప్పుడు ఒక పని మీద వచ్చా. అమ్మ ఎప్పుడూ ఏదీ అడగదు, మీకు తెలుసు. ఒక్కటి అడిగింది. తెలుగు వరుసలో పెట్టమంది."

నగరానికి ఉత్తరాన ఉన్న కాథలిక్ శ్మశానంలో మా తెలుగు కాథలిక్కుల సంఘం పదేళ్ళ కిందట ఇరవై సమాధి స్థలాలను ఒకే వరుసలో తీసుకున్నది. దానినే మావాళ్ళు తెలుగు వరుస అంటారు. అయిదో స్థలంలో నా భర్త ఉన్నారు. ఆరోది నాది. ప్రతి నవంబరు రెండున, సమాధుల పండుగనాడు, మావాళ్ళందరూ అక్కడికి వెళ్ళి కొవ్వొత్తులు వెలిగించి, మరియమ్మను ఒక్కొక్క బిరుదుతో పిలిచే దేవమాత ప్రార్థనమాలిక మొత్తం తెలుగులో చదువుతారు.

"దానికి నన్నడగడం దేనికి? సంఘం వాళ్ళకు చెప్పు. దీపక్ ప్రెసిడెంటే కదా" అన్నాను. దీపక్ నా కొడుకు.

"కమిటీలో ఇన్నారెడ్డి అంకుల్‌కి ఫోన్ చేశా. వరుస ఫౌండింగ్ ఫ్యామిలీస్‌కి మాత్రమేనమ్మా అన్నారు. ఎవరు ఫౌండింగ్ అంకుల్ అంటే, ఆంటీ రాస్తున్న బుక్‌లో లిస్ట్ వస్తుంది, దాని ప్రకారం చూద్దాం అన్నారు."

"మీ అమ్మను తీసేస్తే ఇక్కడ ఫౌండింగ్ ఏముంది?"

ఏనీ నా ముఖంలోకి చూసింది. "అది మీరు రాయాలి కదా ఆంటీ" అని లేచింది.

రెండు రోజుల తరువాత నా కోడలు కావ్యశ్రీ నన్ను ఏజాక్స్‌లో ఏనీ ఇంటి దగ్గర దింపింది. మూడో అంతస్తు కిటికీ పక్కన, వెనక్కి వాలే కుర్చీలో, శౌరమ్మ దుప్పటి కప్పుకుని ఉన్నది. ఎనభై ఒక్క ఏళ్ళు. ఆసుపత్రి లాండ్రీలో ఇరవై ఒక్క సంవత్సరాలు దుప్పట్లు ఉతికిన చేతులు ఆ దుప్పటి మీద తేలికగా ఉన్నాయి.

"టీచరమ్మగారూ, చిక్కిపోయారే. పోయేది నేనయితే అన్నం మానేసింది మీరా?"

"పుస్తకానికి వివరాలు కావాలి శౌరమ్మా. మొదటి జపమాల ఎప్పుడు, ఎవరెవరు వచ్చారు, చెప్పు. రాసుకుంటాను."

"పోలీసోళ్ళ మాదిరి అడుగుతారేంటమ్మా. రాసుకోండి. తొంభై మూడు, అక్టోబరు, అప్పటి ఒషావా ఇంట్లో. జపమాల మాసం కదా, ఊరికే కూర్చోబుద్ధి కాలా. టీవీ మీద తెల్ల దుప్పటి కప్పి, సిస్టర్లిచ్చిన మరియమ్మ తల్లి బొమ్మ పెట్టా. మొదటి రోజు ముగ్గురం. నేను, తొమ్మిదేళ్ళ ఏనీ, పక్కింటి గోవా ఆవిడ. ఆమెకి తెలుగు ముక్క రాదు. 'ఆమెన్' మాత్రం బిల్డింగంతా వినబడేట్టు అనేది."

వంటగదిలోంచి ఏనీ నవ్వింది.

"మూడో రోజు మీరొచ్చారు" అన్నది శౌరమ్మ. "మీ ఆయన బూట్లు విప్పకుండా లోపలికొచ్చేశారు. మీరు కళ్ళతో చెప్పారు, విప్పండని. నేను చూశాలే. నెలాఖరుకి పదిహేను మందయ్యారు. కూర్చోడానికి చోటు లేక ఏనీ స్నానాలగదిలో కూర్చుని జపం చెప్పేది."

అవన్నీ నిజాలు. ఆమె తండ్రి మా ప్రాంతంలో ఉపదేశి. గురువులు రాని పల్లెల్లో ప్రార్థనలు నేర్పినవాడు. ప్రార్థనమాలిక ఆమెకు కంఠస్థం. మా ఒషావా తెలుగువాళ్ళు నేర్చుకున్న ప్రతి ప్రార్థనా ఆ గదిలో, ఆ నెలలో, ఆమె నోటి నుంచి నేర్చుకున్నదే.

"ఆ వరుసే ఎందుకు?" అని అడిగాను. చరిత్రకారులు అడగవలసిన ప్రశ్న కాదు, అయినా అడిగాను.

"ఇంగ్లీషు ప్రార్థన మంచిదేనమ్మా. కానీ ముప్ఫై ఏళ్ళయినా నాకది పక్కింటోళ్ళ మాటల్లాగే వినపడతది. నవంబర్లో మనోళ్ళంతా నిలబడి చదువుతా ఉంటే, కింద నుంచి నేనూ అందుకుంటా. ఎవరన్నా తప్పు చదివితే సరిచేస్తా." నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక, అదే గొంతుతో అన్నది: "అక్కడయితే గోడ ఉండేది. మా నాన్న గోడకి అవతలే ఉన్నాడు. ఇక్కడ గోడ లేదు కదా."

మాది రెడ్ల కుటుంబం. శౌరమ్మది మాలపల్లె. మా ప్రాంతపు శ్మశానంలో నడుము ఎత్తు గోడ ఒకటి ఉండేది. మావాళ్ళు ఇవతల, వాళ్ళవాళ్ళు అవతల. దానిని ఎవరు కట్టించారో ఏ రికార్డులోనూ లేదు. నేను వెతికాను.

"లేదు శౌరమ్మా" అన్నాను. "ఇక్కడ గోడ లేదు."

ఆ శుక్రవారం సాయంత్రం దీపక్ తాను పనిచేసే డార్లింగ్టన్ అణువిద్యుత్ ప్లాంటు నుంచి వస్తూ ఎర్ర గుడ్డ అట్ట వేసిన పాత నోటుపుస్తకం తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు.

"ఇన్నారెడ్డి అంకుల్ ఇచ్చారమ్మా. అసోసియేషన్ ఫస్ట్ మినిట్స్. నీ హ్యాండ్‌రైటింగే."

నా చేతిరాతే. నలభై రెండేళ్ళ వయసులో నా అక్షరాలు ఇప్పటికంటె గుండ్రంగా ఉండేవి. '1994 సెప్టెంబరు 11, ఆదివారం. శ్రీ చిన్నపరెడ్డి గారి స్వగృహమున ఒషావా తెలుగు కాథలిక్కుల తొలి సమావేశము జరిగినది. హాజరైనవారు...' తరువాత ఆరుగురు పురుషుల పేర్లు. నలుగురి పేర్ల పక్కన 'సతీసమేతముగా'. చివర, 'మరికొందరు'.

ఆ 'మరికొందరు' ఎవరని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఆరుగురు పురుషులు, నాతో కలిపి నలుగురు భార్యలు, మొత్తం పదిమందిమి. ఆ రోజు మా ఇంట్లో, పిల్లలు కాక, ఇంకొక్క మనిషే ఉన్నది. ఉదయం ఎనిమిదింటికే శౌరమ్మను పిలిపించాను, వంటకు సాయమని. ఆమె ఉల్లిపాయలు తరిగింది, మాంసం వండింది, మేము సంఘానికి పేరు పెడుతున్నప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. ఆ వేసవిలోనే నేను పింగాణీ కప్పుల సెట్టు కొన్నాను. టీ పోసి అందరికీ అందులో ఇచ్చాను. శౌరమ్మకు సింకు పక్కనున్న ప్లాస్టిక్ గ్లాసులో పోసి ఇచ్చాను. సెట్టులో కప్పులు పన్నెండు. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళం పదకొండుమందిమి.

అలా ఇవ్వమని నాకు ఎవరూ చెప్పలేదు. నా భర్త చెప్పలేదు, అత్తగారు ఈ దేశంలో లేరు. నా చెయ్యే గ్లాసును వెతుక్కున్నది.

"ఏమైందమ్మా?" అన్నాడు దీపక్.

"శౌరమ్మ పేరు లేదు."

"అదే కదా నేననేది. అప్పుడు నువ్వే రాయలేదు. ఇప్పుడు మేమెలా రాస్తాం? ఇది క్యాస్ట్ కాదమ్మా, అలా చూడకు. ప్రొసీజర్."

కావ్యశ్రీ కంచాలు పెడుతూ ఆగింది. ఆమెది వరంగల్, హిందూ కుటుంబం. పెళ్ళికి ముందు మా మతం తీసుకున్నది.

"అత్తమ్మా, నాకు జ్ఞానస్నానం ఇచ్చినప్పుడు ఫాదర్ చెప్పిండు, ఇక్కడ అందరూ ఒక్కటే అని. ఇది మాకాడనే ఉంటదనుకున్న. మీరు కూడా సూట్‌కేస్‌లో పెట్టుకొని వచ్చిన్రా?"

"కావ్యా, నువ్వు ఊరుకో."

"ఊరుకుంటనే ఉన్న దీపక్. పన్నెండేండ్ల సంది."

అన్నం చల్లారిపోయింది. నేను పుస్తకం మూసి నా గదిలోకి తీసుకుపోయాను. సంఘం వాళ్ళు దాన్ని తిరిగి అడిగారు, ఇవ్వలేదు.

నా రాత తప్పయినప్పుడు దానిని సరిచేసే రాత వెతకవలసిన బాధ్యతా నాదే. మళ్ళీ గుడి కింది గదికి వెళ్ళాను. 1993 పెట్టెలో తడి తగిలి అంటుకుపోయిన పత్రాల మధ్య, అక్టోబరు మూడో తేదీ ఆదివారపు ప్రకటన దొరికింది. 'ఈ నెల అంతా సాయంత్రం ఏడు గంటలకు ఒక భారతీయ భాషలో జపమాల. శ్రీమతి శౌరి, అపార్ట్‌మెంట్ 308. అందరూ ఆహ్వానితులే.' సంఘం పుట్టడానికి పదకొండు నెలల ముందు, విచారణ గురువే అచ్చు వేయించిన ఆధారం. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, రొమ్ముకు ఆనించుకుని ఇంటికి నడిచాను. ఈ వయసులో నాకు అంత నమ్మకం కలగడం తప్పు.

మూడో శనివారం మధ్యాహ్నం కమిటీ మా ఇంట్లోనే కూర్చున్నది. ఇన్నారెడ్డి గారు డెబ్బై ఎనిమిదేళ్ళవారు, కార్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా రిటైరైనవారు, నా భర్తకు ఆప్త మిత్రులు. ఆయనతో పాటు మరో ఇద్దరు సభ్యులు. వాళ్ళు ఆయన తల ఊపినప్పుడు ఊపారు.

"వదినా, మీరే కదా మా పిల్లలకి చెప్పేవారు, రాసిన ఆధారం లేకపోతే అది పుకారేనని? మా చిన్నోడు ఇప్పటికీ అంటాడు, ఆంటీ చంపేసేదని."

"ఆధారం తెచ్చాను" అని కవరు ఆయన ముందు పెట్టాను.

ఆయన కళ్ళద్దాలు మార్చుకుని చదివారు. పక్కవారికి ఇచ్చారు. పక్కవారు దీపక్‌కు ఇచ్చారు. దీపక్ రెండుసార్లు చదివాడు.

"బాగుంది వదినా. మంచి విషయమే" అన్నారు ఇన్నారెడ్డి గారు. "కానీ ప్రార్థన వేరు, సంఘం వేరు. ఇంట్లో జపమాల ఎవరైనా చెప్పుకుంటారు. సంఘం అంటే కమిటీ, రిజల్యూషన్, మినిట్స్. అది మీ ఇంట్లో మొదలైంది. మీరే రాశారు."

"నేను రాసింది తప్పు. ఆమె ఆ రోజు ఈ ఇంట్లోనే ఉన్నది."

"ఉండొచ్చు. వంట మనిషిని ఎవరన్నా మినిట్స్‌లో రాస్తారా?"

"ఆమె వంట మనిషి కాదు. నేను వంట మనిషిని చేశాను."

సభ్యుల్లో ఒకరు తన ఫోను చూసుకోవడం మొదలుపెట్టారు.

"వదినా, ప్రాక్టికల్‌గా ఆలోచించండి" అన్నారు ఇన్నారెడ్డి గారు, గొంతు తగ్గించి. "ఆమెంటే నాకూ గౌరవమే. కానీ ఇవాళ ఒకరికిస్తే రేపు అందరూ అడుగుతారు. ఉన్నవి కాసిని స్థలాలు."

"ఎవరా అందరూ?"

"మీకు తెలుసు."

"తెలియదు. చెప్పండి."

"మీకు తెలుసు వదినా. నా నోటితో అనిపించకండి."

ఇంతకాలం చదివిన చరిత్రలో నాకు అర్థం కాని విషయం ఒకటి ఉండేది: ఆ గోడ ఎవరు కట్టించారన్న రికార్డు ఎందుకు లేదని. ఆ మధ్యాహ్నం అర్థమైంది. అలాంటి గోడ మాట ఎవరూ నోటితో అనరు.

"అయితే నా స్థలం ఇవ్వండి" అన్నాను. "ఆరో నంబరు. నా పేరు మీద ఉన్నది. మార్చడానికి ప్రెసిడెంటు సంతకం ఒక్కటి చాలునని మీ నిబంధనల్లో ఉన్నది. చదివాను."

దీపక్ తల ఎత్తాడు. "నాన్న పక్కనా?"

"నాన్న పక్కనే."

వంటింటి గుమ్మంలో కావ్యశ్రీ ట్రే పట్టుకుని నిలబడిపోయింది. ఇన్నారెడ్డి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"చిన్నపరెడ్డి ఆత్మ ఏమనుకుంటుంది వదినా?"

"ఏమనుకుంటుందో మీకు తెలిసినట్టున్నది. చెప్పండి, రాసుకుంటాను."

ఎవరూ టీ తాగలేదు. వెళ్ళేముందు ఆయన చెప్పులేసుకుంటూ, దీపక్ భుజం మీద చెయ్యి వేసి, "అమ్మకి కొంచెం రెస్ట్ కావాలిరా" అన్నారు, నాకు వినబడేలా.

దరఖాస్తు ఫారం నింపి దీపక్ బల్ల మీద పెట్టాను. "చూస్తానమ్మా" అన్నాడు. అది తొమ్మిది రోజులు అక్కడే ఉన్నది. ఉదయం కాఫీ తీసుకుపోతూ చూసేదాన్ని. ఒకనాడు దాని మీద అతని ప్లాంటు బ్యాడ్జీ, ఒకనాడు కారు తాళాలు. అడగలేదు. కొడుకును నిలదీయకపోవడం మర్యాద అనుకున్నాను. ఏజాక్స్‌కు కూడా ఫోను చేయలేదు. సంతకం పడని మాట చెప్పి ఆశ పెట్టకూడదనుకున్నాను. పద్ధతి ప్రకారం రెండూ సరైన నిర్ణయాలే.

అక్టోబరు ఇరవై ఏడున, ఉదయం పది గంటల వేళ, శౌరమ్మ చనిపోయింది.

మరునాడు మధ్యాహ్నానికి సంఘం నుంచి ఏనీకి ఈమెయిలు వెళ్ళింది. దీపక్ తన ఫోనులో నాకు చూపించాడు. 'మానవతా దృక్పథంతో, ప్రత్యేక సందర్భంగా పరిగణించి' వరుసలో చిట్టచివరి స్థలం ఇస్తున్నామని ఉన్నది.

"అందరికీ ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేసి ఒప్పించానమ్మా" అన్నాడు. అతని కళ్ళ కింద నలుపు ఉన్నది. కష్టపడ్డాడు, కాదనను. "ఇంక నీ ప్లేస్ ఇవ్వక్కర్లేదు. సాల్వ్ అయింది కదా?"

నేను ఏనీకి ఫోను చేశాను.

"చూశా ఆంటీ. థాంక్స్ చెప్పండి. మేం తీసుకోవట్లేదు."

"అది మీ అమ్మ కోరిక కదమ్మా."

"ఉండేది. మీ ఇంట్లో మీటింగ్ అయిన సాయంత్రమే ఇన్నారెడ్డి అంకుల్ ఫోన్ చేసి చెప్పారు, లిస్ట్‌లో అమ్మ పేరు లేదని. అమ్మకి చెప్పా. దాచలేను కదా, వారం నుంచి అదే అడుగుతుంది. విని, పోనీలే, అయితే ఇంగ్లీషే నేర్చుకుంటా అంది."

"స్పెషల్ కేస్ అని రాశారు ఆంటీ. వద్దు. అమ్మ లైఫంతా స్పెషల్ కేసే."

"నా స్థలం ఇస్తానని ఆ రోజే చెప్పాను ఏనీ. ఫారం కూడా..."

"మాకెవరూ చెప్పలేదే" అన్నది. అందులో నింద లేదు. నిజంగానే ఎవరూ చెప్పలేదు.

ముప్ఫయ్యో తేదీన ఏజాక్స్‌లో అంత్యక్రియల పూజ ఇంగ్లీషులో జరిగింది. లాండ్రీలో పనిచేసిన ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళు ఎనిమిది మంది వచ్చారు. మా సంఘం నుంచి మా ఇంటివాళ్ళమే. దీపక్ వెనక వరుసలో నిలబడ్డాడు. పెట్టె మోయడానికి ఒక మనిషి తక్కువయితే, అంత్యక్రియల సంస్థ మనిషి మగవాళ్ళ కోసం చుట్టూ చూసి అతన్ని పిలిచాడు. దీపక్ వెళ్ళి మోశాడు. నాలుగు రోజులుగా కురిసిన వానకు నేల మెత్తబడి ఉన్నది; ఒకచోట అతని కాలు జారితే పక్కనున్న ఫిలిప్పీన్స్ ఆవిడ భర్త మోచెయ్యి పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం నా గది తలుపు కింద నుంచి ఫారం లోపలికి వచ్చింది. సంతకం ఉన్నది. కింద తేదీ, అక్టోబరు ముప్ఫై. నేను దాన్ని చింపలేదు. తేదీ ఉన్న కాగితాన్ని చింపడం నాకు చేతకాదు. మినిట్స్ పుస్తకంలో, నా 'మరికొందరు' ఉన్న పేజీలో పెట్టాను.

నాలుగు పేజీలు రాసి ఫాదర్ ఒబినాకు ఇచ్చాను. జపమాల, అపార్ట్‌మెంట్ 308, కప్పులు, ప్లాస్టిక్ గ్లాసు, వరుస, అన్నీ ఉన్నాయి. ఆయన నా ఎదుటే చదివి, చాలాసేపు కాగితాల అంచులు సర్దారు.

"మర్గరెట్, ప్రతి సమాజం తాను ఒప్పుకున్న కథనే ఇందులో వేస్తున్నాం. మీ కమిటీ ఒప్పుకోదు."

"పోలిష్ వాళ్ళ పది పేజీలు కూడా అలా ఒప్పుకున్నవేనా?"

"అన్నీ అలాంటివే" అన్నారాయన. అబద్ధం చెప్పలేదు; అందుకు ఆయన్ను గౌరవిస్తాను. పుస్తకం క్రిస్మస్‌కు ముందే వచ్చింది. తెలుగువాళ్ళకు రెండు పేజీలు, రచన ఇన్నారెడ్డి గారు. సమాజానికి పుట్టినిల్లు అన్న మాట కింద మా ఇంటి ఫోటో ఉన్నది. ఇప్పుడు మా ఇంటి నుంచి ఆదివారం రెండు కార్లు రెండు గుళ్ళకు పోతాయి. కావ్యశ్రీ ఏజాక్స్‌కు పోతుంది. నేను ఆమె కారెక్కుతాను. దీపక్ సంఘానికి ఇంకా ప్రెసిడెంటుగానే ఉన్నాడు. భోజనాల బల్ల దగ్గర ముగ్గురం మర్యాదగా మాట్లాడుకుంటాం.

ఆ నవంబరు రెండున నేను తెలుగు వరుసకు వెళ్ళలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆమె చెప్తుంటే వెనక అన్నదాన్నే తప్ప, ప్రార్థనమాలిక నాకు నోటికి రాదు. పాత ప్రార్థన పుస్తకం పట్టుకుని కావ్యశ్రీతో ఏజాక్స్ వైపు శ్మశానానికి వెళ్ళాను. ఏనీ ఒక్కతే ఉన్నది. మట్టి ఇంకా కుంగలేదు, రాయి పెట్టలేదు; పేరు రాసిన చిన్న ప్లాస్టిక్ పలక గుచ్చి ఉన్నది. సరస్సు మీది గాలికి కొవ్వొత్తి నిలవడం లేదని ఏనీ గాజు లాంతరులో పెట్టింది. నేను చదివాను. ప్రతి బిరుదు తరువాత ఏనీ "మా కొరకు వేడుకొనండి" అన్నది. కావ్యశ్రీ కూడా అన్నది. యాభై బిరుదులు, చలికి మొద్దుబారిన వేళ్ళతో రెండుసార్లు పేజీ తిప్పలేకపోయాను, ఇద్దరూ వేచి ఉన్నారు.

అయిపోయాక పుస్తకం మూసి, నేను అడగదలచుకున్నది అడిగాను. అంత్యక్రియల నాటి నుంచి అనుకుంటున్నదే. ఇది న్యాయమని నాకు అనిపించింది; ఎవరి సంతకం అవసరం లేనిది, ఎవరూ అడ్డుకోలేనిది.

"ఏనీ, మీ అమ్మ పక్కన స్థలం ఖాళీగానే ఉందా?"

"అది నేను తీసుకున్నా ఆంటీ, నాకోసం."

"అటు వైపు?"

"అటు ఎవరో పోర్చుగీస్ ఆయన. చాలా ఏళ్ళయింది." వంగి లాంతరు తలుపు సరిగా మూసింది. లేచి, కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, నా వైపు తిరిగింది. "మీకు అక్కడ అంకుల్ పక్కన ఉంది కదా ఆంటీ."

ఆ ముఖంలో ఎత్తిపొడుపు కోసం వెతికాను. దొరికితే జవాబు చెప్పగలిగేదాన్ని. లేదు. చలిలో నిలబడిన ఒక పెద్దావిడ గురించిన శ్రద్ధ మాత్రమే ఉన్నది.

"ఉంది" అన్నాను.